కిటికీ దగ్గర పదకొండు నిమిషాలు

జూన్ 17

రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఈ డైరీ మూడేళ్ళ కిందట బేరింగులమ్మే కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చింది. తేదీలు పనికొస్తాయి గానీ వారాలు కలవవు. ఇందులో ఇవాళ ఆదివారం, బయటేమో నికార్సైన పనిదినం. ఇలాంటి పుస్తకంలో నిజం రాసినా ఎవరు నమ్ముతారని కలం మూత పెట్టేశాను. ఎవరూ చదవరు కదా, నమ్మడం ఎందుకని మళ్ళీ తీశాను.

విషయం చిన్నదే. అబ్బాయిగారి కోడలు ఇవాళ వర్క్‌షాపుకి వచ్చింది. చేతిలో నొక్కితే ఆగే గడియారం ఉంది.

అబ్బాయి అంటే మా యజమాని. వయసు యాభై రెండు. నేను ఈ పంపుల షెడ్డులో చేరిన రోజున ఆయనకి ఆరేళ్ళు, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ముక్కు చీదుకుంటూ నిలబడ్డాడు. ఆ పెద్దాయన పోయి పదిహేనేళ్ళయింది. మిగతావాళ్ళంతా అబ్బాయిని సారూ అంటారు. నాకు నోరు తిరగలేదు. ఆయనా నన్ను బాబాయ్ అనే పిలుస్తాడు.

వానలు పడ్డాయంటే మాకు పని పడుకుంటుంది. నీళ్ళు పైనుంచి ఊరికే పడుతుంటే కిందనుంచి తోడుకునే ఖర్మ ఎవరికి? పంపులూ మోటార్లూ బాగుచేయించుకునేవాళ్ళు మళ్ళీ ఎండలు ముదిరితే గానీ గుమ్మం తొక్కరు. ఏటా ఈ మూణ్ణెల్లూ స్పానర్లు తుడుచుకుంటూ, కథలు చెప్పుకుంటూ గడిపేస్తాం. కథలు చెప్పేది నేనే.

ఈసారి అబ్బాయి అందర్నీ పిలిచి, "ఖాళీగా కూర్చునే బదులు మన పని ఎలా సాగుతోందో ఓసారి చూసుకుందాం. కోడలు పెళ్ళికి ముందు పెద్ద గోదాముల్లో ఇదే పని చేసింది. తనేమడిగినా చెప్పండి," అన్నాడు.

ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "నమస్తే తాతగారూ," అంది.

వరస ప్రకారం చూస్తే తప్పేం కాదు. మామగారికి బాబాయినైతే తనకి తాతనే అవుతాను. కానీ అంత గట్టిగా అనాలా?

జూన్ 19

నా కిటికీ గురించి ఒక మాట రాసుకోవాలి.

షెడ్డుకీ స్టోరు గదికీ మధ్య గోడ. గోడకి ఒక చెక్క కిటికీ, దాని అడుగున మోచేతులు ఆన్చుకునే పలక. లోపల నేను, బయట ఫిట్టర్లు. వాళ్ళకి సామాను పేరు చెప్పాల్సిన అవసరం లేదు. "పెద్దయ్యా, ఆ మూలుగుతున్నదానికి," అంటే ఏ పంపుకి ఏ బేరింగో నాకు తెలుసు. "ఏడుస్తున్నదానికి," అంటే నీళ్ళు కారకుండా ఆపే సీలు. లోపలికి ఎవరూ రారు. బతికున్నన్నాళ్ళూ పెద్దాయన కూడా అడిగే వచ్చేవాడు.

స్టోరులో ఏ సామాను ఎక్కడుందో ఏ కాగితం మీదా లేదు. నా తలలో ఉంది. నేను బడికి పోయింది మూడేళ్ళే. మిగతా చదువంతా సామాన్లు చుట్టుకొచ్చిన కాగితాల మీద జరిగింది. ఒక ముక్క మీద వంట ఎలా చెయ్యాలో, ఇంకో ముక్క మీద ఏదో దేశంలో రాజు చచ్చిపోయిన సంగతి. అందుకే నా చదువుకి మొదలూ చివరా ఉండవు. కానీ చెయ్యి మాత్రం గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుందని పెద్దాయన అనేవాడు.

ఐసు ఫ్యాక్టరీ పంపు ఆగిపోయిన రోజు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. పట్టపగలే గాలివాన, కరెంటు లేదు, స్టోరులో కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. చేత్తో తడిమి రెండు నిమిషాల్లో బేరింగు తెచ్చి కిటికీలో పెట్టాను. పెద్దాయన నోరు తెరిచాడు.

ఆ పిల్ల గడియారం పట్టుకుని మూడు రోజులుగా కిటికీకి ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది.

జూన్ 24

లెక్క తేలింది. తెల్లబోర్డు మీద రాసి అందరికీ చూపించింది.

ఒక పంపు విప్పి బాగుచేసి బిగించడానికి పట్టే సమయంలో మూడోవంతు ఫిట్టరు నడవడానికీ నిలబడడానికే పోతోందట. అందులోనూ ఎక్కువ భాగం నా కిటికీ దగ్గరే. ఒక్కో మనిషి సగటున పదకొండు నిమిషాలు నిలబడుతున్నాడట.

"తాతగారు సామాను వెతికి ఇవ్వడానికి ఒక్క నిమిషమే పడుతోంది," అంది. అక్కడికి బాగానే ఉంది. నేను మీసం సవరించుకున్నాను. "మరి మిగతా పది నిమిషాలూ ఏమవుతున్నట్టు?"

చెవి మేస్త్రీ దగ్గాడు. ఇతగాడు మా పెద్ద ఫిట్టరు. తిరిగే పంపు మీద స్క్రూడ్రైవరు మొన ఆన్చి, పిడి చెవిలో పెట్టుకుని, ఎక్కడ జబ్బు ఉందో చెప్పేస్తాడు. ఆ చెవులు ఎర్రబడ్డాయి.

"కథలమ్మా," అన్నాడు. "పెద్దయ్య ఒకటి మొదలెడితే మధ్యలో వదిలి రాలేం."

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వితే నవ్వింది, బోర్డు మీద "కథలు – 10 ని." అని రాసింది. రాసి, చుట్టూ గీత గీసింది.

జూన్ 25

పళ్ళు కొరుక్కుంటే దవడ నొప్పి పుడుతుంది. ఈ వయసులో కొరుక్కోకూడదు.

జూలై 2

గోడ పక్కన కొత్త తలుపు పెట్టించారు. ఫిట్టర్లు నేరుగా లోపలికొచ్చి ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుంటారట. కిటికీ ఉంది, తియ్యలేదు. ఉన్నా లేనట్టే.

ఒక వారంగా సామానంతా దింపి, ఎక్కువ వాడేవి చేతికందే ఎత్తులోకీ తక్కువ వాడేవి పైకీ మార్చారు. ప్రతి సొరుగుకీ ఒక పసుపురంగు కార్డు. కార్డు మీద వస్తువు బొమ్మ, కింద పేరు, ఏ పంపుకో కూడా. బొమ్మలు ఆ పిల్లే వేసింది. బాగున్నాయి. బాగున్నాయని ఇక్కడ రాసుకుంటున్నాను, ఇంకెక్కడా అనను.

మొదట నా దగ్గరికే వచ్చింది. "తాతగారూ, పేర్లు మీరు రాయండి. మీ చేతిరాత అచ్చు గుద్దినట్టుంటుందని మావయ్యగారు చెప్పారు. నాది కోడిగీకుడు."

"చెయ్యి వణుకుతోందమ్మాయ్," అన్నాను.

"ఇప్పుడే కదా గోరంత బోల్టుకి నట్టు ఎక్కించారు?"

"అదే. దానితో వణుకు మొదలైంది."

ఆమె నా చేతివైపు ఒక క్షణం చూసి, "సరే," అంది. తనే రాసింది. కార్డులు అన్నీ కొంచెం ఎడమకి వంగి ఉన్నాయి. నా కళ్ళు ఎప్పుడూ అక్కడికే పోతున్నాయి. ఒక్కటీ తిన్నగా లేదు.

సాయంత్రం చెవి మేస్త్రీ ఎవరితోనో అంటున్నాడు, "ఇన్నాళ్ళూ మనకీ బుద్ధి ఎందుకు పుట్టలేదంటావ్?"

నలభై ఆరేళ్ళు వాడికి సామాను చేతిలో పెట్టింది నేను. అంటే వాడికి ముందు వాళ్ళ మామకి పెట్టింది కూడా కలుపుకుని.

జూలై 5

ఇంట్లో కాఫీలోకి చక్కెర డబ్బా తీద్దామని వంటింట్లోకి వెళ్ళాను. ప్రతి డబ్బాకీ పసుపురంగు కార్డు! ఉప్పు మీద "ఉప్పు". చక్కెర మీద "చక్కెర". పప్పు మీద పప్పు బొమ్మ.

"ఏమిటిది?" అని అరిచాను.

మా ఆవిడ తాపీగా చెప్పింది. "నిన్న ఆ అమ్మాయి వచ్చిందిగా మిమ్మల్ని చూడ్డానికి. మీరు బజారుకి వెళ్ళారు. మాటల్లో చెప్పాను, మొన్న మీరు కాఫీలో ఉప్పు కలుపుకున్న సంగతి. ఒక్క అరగంటలో ఇవన్నీ చేసిపెట్టి వెళ్ళింది. ఎంత మంచిపిల్లో! చేతులు ఖాళీగా ఉంచదు."

"నలభై మూడేళ్ళ కాపురంలో నీ వంటింట్లో నేనెప్పుడైనా తప్పు డబ్బా తీశానా?"

"తీశారు. మొన్న."

"మొన్న కరెంటు లేదు."

"ఉంది."

కాఫీ తాగలేదు. డబ్బాల మీద కార్డులు కూడా ఎడమకే వంగి ఉన్నాయి.

జూలై 9

ఇవాళ జరిగింది రాయాలా వద్దా?

పెద్దాయన కొలతపనిముట్టు ఒకటి ఉంది, ఉక్కు వెర్నియరు. చిన్న చెక్కపెట్టెలో గుడ్డచుట్టి ఉండేది. జుట్టు మందం తేడా కూడా పట్టేస్తుంది. పెద్దాయన పోయినప్పుడు దాన్ని అబ్బాయి ఇంటికి తీసుకెళ్ళాడు. ఎప్పుడో ఒకరోజు, నేను మానేసే రోజునో, ఇంకేదైనా మంచిరోజునో, బాబాయ్ ఇది నీకని ఇస్తాడని నేను లోపల అనుకునేవాణ్ణి. అడగలేదు. అడిగితే తీసుకున్నట్టవుతుంది, ఇస్తే వచ్చినట్టవుతుంది.

ఇవాళ టీ వేళ అబ్బాయి ఆ చెక్కపెట్టె తెచ్చి అందరి ముందూ కోడలికిచ్చాడు. "నీకు పనికొస్తుందమ్మా. మా నాన్నది."

ఆమె రెండు చేతులా అందుకుంది. చెవి మేస్త్రీ చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. నావే గట్టిగా వినిపించాయి.

ఐసు ఫ్యాక్టరీ సంగతి ఇక్కడ రాశానో లేదో. గాలివాన, చీకటి. ఒక్క నిమిషంలో బేరింగు తెచ్చి పెట్టాను. ఆ రోజు పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యే వెర్నియరు పట్టుకునే చెయ్యి.

జూలై 10

సీళ్ళలో రెండు రకాలు ఉంటాయి. మామూలు నీళ్ళకి ఒకటి, మరుగునీళ్ళకి ఒకటి. చూడ్డానికి కవల పిల్లలు. రెండూ నల్లనివే, కొలత కూడా ఒకటే. మరుగునీళ్ళది కొంచెం బిరుసుగా ఉంటుంది, గోరు దిగదు. వాసన కూడా వేరు. నాకు తెలుసు, పెద్దాయనకి తెలిసేది. ఇంకెవరికీ తెలియదు. కార్డు చూసి తీసేవాళ్ళకి తెలియాల్సిన పని లేదుగా.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆ రెండు సొరుగుల మీది కార్డులు తీసి అటుది ఇటూ ఇటుది అటూ పెట్టాను.

ఎవరికీ నష్టం రానివ్వను. చెవి మేస్త్రీ తప్పుది తీస్తాడు. నేను "ఏదీ, ఇలా చూపించు," అని గోరు గుచ్చి, వాసన చూసి, "ఇది కాదయ్యా," అంటాను. అంతే. ఒక్కసారి. పదకొండు నిమిషాలు ఎందుకు పడతాయో వాళ్ళకి అర్థమవుతుంది. మర్నాడు కార్డులు మళ్ళీ మార్చేస్తాను.

జూలై 11

హాయిగా నిద్రపట్టింది.

జూలై 14

వేడినీళ్ళ పంపు ఒక్కటీ రాలేదు. ఇలాంటి సీజనులో వస్తుందని అనుకోవడం నాదే తప్పు.

జూలై 22

పని లేదు. వానే వాన. ఫిట్టర్లు ఆ పిల్ల బల్ల చుట్టూ చేరి పాత పంపు ఒకటి విప్పి, ఎవరు ముందు బిగిస్తారో పందెం పెట్టుకున్నారు. నవ్వులు. అబ్బాయి కూడా కూర్చున్నాడు చొక్కా చేతులు మడిచి. "బాబాయ్, నువ్వూ రా," అన్నాడు. స్టోరులో పని ఉందన్నాను. స్టోరులో పని ఏముంది? తుడిచిన సొరుగు మళ్ళీ తుడిచాను.

జూలై 29

కార్డులు చూడటం నాకు అలవాటు కాలేదు. ఎదురుగా అంత పసుపు పెట్టుకుంటే కళ్ళు వాటంతటవే పడతాయి. ఇవాళ మోటార్లకి తీగ చుట్టే వైండింగాయన కొయ్య చీలికలు అడిగితే చెయ్యి పాత అరవైపు వెళ్ళింది, ఆగింది, కళ్ళు కార్డు మీద పడ్డాయి, చెయ్యి అక్కడికి వెళ్ళింది. అది చూసి తీయడం కాదు. కళ్ళు పడటం.

ఆగస్టు 6

మా ఆవిడ అడిగింది, "స్టోరులో అన్నీ మార్చేశారటగా. మీకు ఇబ్బందిగా లేదా?"

"నాకేం ఇబ్బంది? నాకు కార్డులు అక్కర్లేదు."

"అయితే మంచిదే," అని ఉప్పు డబ్బా కార్డు నావైపు తిప్పి పెట్టింది. ఈవిడతో మాటలు పెంచుకోకూడదు.

ఆగస్టు 12

ఇవాళ మంచిరోజు.

లాండ్రీ ఆవిడ మోటారు పంపు తెచ్చింది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ ఆవిడది. వానల్లో కూడా మాకు పని ఇచ్చే ఏకైక పుణ్యాత్మురాలు. సీలు పోయి పంపు ఏడుస్తోంది. రేపు పొద్దుటికి కావాలి, లేకపోతే రెండు హోటళ్ళు చేజారిపోతాయంది.

చెవి మేస్త్రీకి చేతుల నిండా గ్రీజు. కొత్త తలుపు దాకా వెళ్ళకుండా కిటికీ దగ్గరికే వచ్చాడు! "పెద్దయ్యా, లాండ్రీదానికి సీలు."

ఎన్నాళ్ళయింది ఆ పలక మీద ఒక మోచెయ్యి ఆని! లేచాను, తీశాను, చేతిలో పెట్టాను. ఎంత పట్టిందనుకున్నారు? ఆ పిల్ల గడియారం ఉంటే బాగుండేది. అర నిమిషం ఉండదు.

"కార్డు కంటే మీరే నయం పెద్దయ్యా," అన్నాడు.

వెళ్ళబోతుంటే ఐసు ఫ్యాక్టరీ సంగతి చెప్పాను. పూర్తిగా విన్నాడు.

ఆగస్టు 17

లాండ్రీ ఆవిడ వచ్చింది. వాకిట్లోంచే మొదలుపెట్టింది.

"ఏమయ్యా, ఇది షెడ్డా, శ్మశానమా? ఐదు రోజులు! ఐదు రోజులకే సీలు జావలా అయిపోయి నీళ్ళన్నీ మోటారులోకి పోయాయి. కాలిన కంపు వీధంతా! రెండొందల దుప్పట్లు నానపోసి కూర్చున్నాను. ఇవి నేను కప్పుకోనా, మీరు కప్పుకుంటారా?"

చెవి మేస్త్రీ సీలు విప్పి తీశాడు. నల్లగా, జిడ్డుగా, వేలికి అంటుకుంటోంది. "ఇది మామూలుదండీ," అన్నాడు నిదానంగా. "మరుగునీళ్ళది కాదు."

అప్పుడు గుర్తొచ్చింది. అంతవరకూ గుర్తులేదు. ప్రమాణం చేసి రాస్తున్నాను, అంతవరకూ గుర్తులేదు. ఆ రోజు నేను గోరు గుచ్చలేదు. వాసన చూడలేదు. కార్డు చూసి తీశాను.

కోడలు స్టోరులోకి వెళ్ళింది. రెండు సొరుగుల ముందు కాసేపు నిలబడింది. నా గుండె చప్పుడు చెవి మేస్త్రీ స్క్రూడ్రైవరు లేకుండానే వినేంత గట్టిగా ఉంది. ఆమె బయటికొచ్చింది.

"నాదే తప్పు మావయ్యగారూ. రెండు కార్డులూ అటూ ఇటూ పెట్టాను."

లాండ్రీ ఆవిడ ఆమెకేసి తిరిగి అరగంట తిట్టింది. చదువుకున్నవాళ్ళని, చదువుని, గోదాములని, కొత్త కోడళ్ళని. ఆమె తల వంచుకుని వింది. నేను కిటికీ వెనక ఉన్నాను. కిటికీ వెనక ఉన్నాను కాబట్టి ఎవరికీ కనపడలేదు.

ఆగస్టు 18

అబ్బాయి నా దగ్గరికొచ్చాడు. మొహం వాడిపోయింది. "బాబాయ్, ఇవన్నీ వద్దు. ఈ కార్డులూ బోర్డులూ. మళ్ళీ పాతపద్ధతే. తలుపుకి తాళం వేయిస్తాను. కిటికీ నీది."

కోరుకున్నదంతా ఒకే వాక్యంలో వచ్చింది. "సరే అబ్బాయ్," అన్నాను.

సాయంత్రం ఆ పిల్ల ఒక్కతే కార్డులన్నీ పీకి అట్టపెట్టెలో వేసుకుంది. ఒక్కొక్కటీ నెమ్మదిగా, చిరగకుండా. నాకు ఎదురుపడితే, "అలమార్లు మళ్ళీ మార్చే టైము లేదు తాతగారూ, సామాను ఎక్కడిదక్కడే ఉంది. మీకు కష్టమేం కాదుగా?" అంది.

"నాకేం కష్టం?"

ఆగస్టు 19

గెలిచాను.

ఆగస్టు 21

పొద్దున్న చెవి మేస్త్రీ కిటికీ దగ్గరికొచ్చి గ్లాండుతాడు అడిగాడు. పంపు మెడ చుట్టూ బిగించే జిడ్డుతాడు. రోజూ వాడేదే.

లోపలికి తిరిగాను. నూట నలభై సొరుగులు. అన్నీ ఒకే రంగు, ఒకే ముఖం. కార్డులు ఉన్నచోట చిన్న చిన్న జిగురు మరకలు.

ఒకటి లాగాను, వాషర్లు. ఇంకోటి, బోల్టులు. పాతచోటు ఎక్కడో గుర్తుచేసుకుందామని చూశాను. పాతచోటు కూడా రాలేదు. కిటికీ పక్కనా? నిచ్చెన కిందా? నలభై ఆరేళ్ళుగా ఉన్నచోటు. ఇవాళో నిన్నో పోయింది కాదని, అలమార్లు మార్చకముందే పోతూ వచ్చిందని, ఆ పిల్ల గడియారంలో ఒక్క నిమిషంగా ఎక్కినవన్నీ అదృష్టం కొద్దీ తగిలినవని, కథ మొదలుపెట్టి మాట్లాడుతూ చేత్తో వెతికే అలవాటు నాకు ఎప్పటినుంచి వచ్చిందో... ఈ వాక్యం పూర్తి చెయ్యను.

"పెద్దయ్యా?"

"ఉండు. నీకు ఐసు ఫ్యాక్టరీ సంగతి చెప్పానా?"

"చెప్పారు."

ఇంకో పది సొరుగులు లాగాను. మోకాళ్ళ మీద కూర్చుని కింది వరస లాగాను. వాడు బయట నిలబడే ఉన్నాడు.

చివరికి మెల్లగా అన్నాడు, "పర్లేదు పెద్దయ్యా. అంత తొందరేం లేదు. నేను మళ్ళీ వస్తా."

వీడు నాతో ఎప్పుడూ ఇంత మెత్తగా మాట్లాడలేదు.

ఆగస్టు 22

వెళ్ళలేదు. జ్వరమన్నాను. మా ఆవిడ నుదురు ముట్టుకుని చూసి, "ఏమీ లేదు," అంది. కూరగాయల పళ్ళెం ముందుకి లాక్కుని, "ఏమైంది?" అంది.

"ఆ పిల్లంటే నాకు కుళ్ళు," అన్నాను. అన్నాక ఆశ్చర్యపోయాను. ఈ పుస్తకంలో కూడా రాయలేదు ఆ మాట.

"అది నాకు ఉప్పు డబ్బా రోజే తెలుసు," అంది. "ఇప్పుడేం చేశారో చెప్పండి."

చెప్పాను. వింటూ వింటూ కూరగాయల కత్తి కింద పెట్టింది. కొత్త పెళ్ళికూతురిగా ఉన్నప్పుడు కూడా నన్ను అంత తేరిపార చూడలేదు. "లేవండి," అంది. "రేపు చొక్కా ఇస్త్రీ చేస్తాను. వెళ్ళి చెప్పండి."

"ఎవరికి?"

"ఎవరి ముందు ఆ పిల్ల తిట్లు తిందో వాళ్ళందరికీ."

ఆగస్టు 23

టీ వేళ చెప్పాను. ఇస్త్రీ చొక్కాలో.

అబ్బాయి ఉన్నాడు, చెవి మేస్త్రీ, వైండింగాయన, కోడలు. లాండ్రీ ఆవిడ కూడా ఉంది, కొత్తగా వైండింగు చేసిన మోటారు తీసుకెళ్ళడానికి వచ్చి. ఇన్నేళ్ళలో నేను చెప్పిన కథలన్నిటిలోకీ చిన్నది ఇదే. "కార్డులు మార్చింది ఈ అమ్మాయి కాదు, నేను. కావాలని మార్చాను. తర్వాత మర్చిపోయి, ఆ కార్డే చూసి సీలు నేనే ఇచ్చాను."

ఎవరి గ్లాసూ కదల్లేదు.

"ఇంకోటి. ఐసు ఫ్యాక్టరీ బేరింగు నేను రెండు నిమిషాల్లో తేలేదు. నలభై నిమిషాలు పట్టింది. పెద్దాయన వెనకే నిలబడి అగ్గిపుల్లలు గీసి పట్టుకున్నాడు. రెండు పెట్టెలు అయిపోయాయి."

లాండ్రీ ఆవిడకే ముందు మాట వచ్చింది. "ఈ అమ్మాయిని నేను అన్ని తిట్లు తిట్టానే! వాటిని ఇప్పుడు వెనక్కి తీసుకుని నీకు పెట్టాలా ముసలాయనా?"

"పెట్టండమ్మా."

"ఓపిక లేదు. మోటారు ఆటోలో పెట్టించండి," అని లేచింది.

కోడలు గ్లాసు అంచు వేలితో రుద్దుతూ, "నాకు ఆ రోజే తెలుసు తాతగారూ," అంది.

"ఎలా?"

"నేను ఎన్ని అంటించినా వంకరే వస్తాయి. ఆ రెండే తిన్నగా ఉన్నాయి."

చెవి మేస్త్రీ పకపకా నవ్వాడు, ఒక్కడే. మళ్ళీ ఆపుకున్నాడు.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు రావడం మానేస్తారని." గ్లాసు పక్కకి జరిపి, "నాకు కోపం రాలేదని కాదు. వచ్చింది. రెండు రోజులు అన్నం సహించలేదు," అంది.

అబ్బాయి కుర్చీ నాకు దగ్గరగా లాక్కున్నాడు. "బాబాయ్, మా నాన్న ఉంటే నిన్ను కొట్టేవాడు."

"కొట్టేవాడు. తర్వాత అగ్గిపుల్ల పట్టుకునేవాడు."

ఆయన మొహం తిప్పుకున్నాడు. చెవి మేస్త్రీ ఊరుకోలేక అందుకున్నాడు. "పెద్దయ్యా, మేం కథలకి విసుక్కున్నామనుకుంటున్నారా? కాళ్ళు పీకేవి, అంతే. ఆ కిటికీ దగ్గర కూర్చోడానికి లేదు, కాళ్ళు చాపుకోడానికి లేదు. టీ వేళ బల్ల మీద కూర్చుని చెప్తే ఎవడొద్దన్నాడు?"

"పది నిమిషాలు," అంది కోడలు. "టీకి పది నిమిషాలు ఎలాగూ ఉన్నాయి."

ఆమె నవ్వలేదు. నామీద కోపం ఇంకా పోలేదని తెలుస్తూనే ఉంది. పోవాలని నేనూ అడగలేదు.

ఆగస్టు 24

తలుపు తాళం తీశారు. అట్టపెట్టెలో కార్డులన్నీ మళ్ళీ బయటికొచ్చాయి. నేను సొరుగు పట్టుకుంటే ఆమె అంటించింది. "ఇది?" "బుష్షులు." "ఇది?" "చూడాలి." చూసి చెప్పాను. రెండు సీళ్ళ దగ్గరికొచ్చినప్పుడు నా చేతికిచ్చింది. గోరు గుచ్చాను, వాసన చూశాను. ఆమె కూడా గోరు గుచ్చి, వాసన చూసి, మొహం చిట్లించి, కార్డు కింద "గోరు దిగదు" అని రాసింది.

ఆమె బల్ల సొరుగు తెరిచి ఉంది. వెర్నియరు పెట్టె అందులోనే ఉంది, గుడ్డతో సహా. దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు కుళ్ళే. అది ఇప్పట్లో పోయేది కాదు. రాసుకుంటున్నాను.

ఆగస్టు 26

ఉదయం వడ్రంగి వచ్చి కిటికీ తీసేశాడు. ఆ ఖాళీలో ఇంకో అలమారు పడుతుందట. అతను విప్పుతుంటే మరలు నేను పట్టుకున్నాను. ఎనిమిది. ఒకటి వంగింది. వాటికి ఒక డబ్బా చూసి, కోడలి దగ్గర ఒక కార్డు అడిగి తీసుకుని, "కిటికీ మరలు – 8, ఒకటి వంకర," అని రాసి అంటించి, కింది వరసలో పెట్టాను.